ఏ ఊరు, ఏ నీళ్లు, ఎన్నేళ్లు?



గడచిన వేసవి సెలవుల్లో నా పాత విద్యార్థిని ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. పావగడ తాలూకాలో మా ఊరి కన్నడ బడిలో చదువుకుని, ఇప్పుడు తుమకూరులో నర్సింగు చదువుతోంది. చేతిలో లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. అందులో నాడీమండల వ్యాధులు, మెదడు గాయాలు అనే భాగం పరీక్షకు ఉందట. ఇంగ్లీషులో చదివి, కన్నడలో అర్థం చేసుకుని, నాతో తెలుగులో మాట్లాడింది. మన సరిహద్దు తాలూకాల్లో పిల్లల చదువు ఇట్లాగే సాగుతుంది కదా. పక్షవాతం, మూర్ఛ, పార్కిన్సన్ వ్యాధి, తలకు తగిలే దెబ్బలు అన్నీ వరుసగా అప్పజెప్పి, చివరికి ఒక మాట అడిగింది.

"సార్, మా తాత శానా ఏండ్లు మంచం మీదనే ఉండె. కాళ్లు కట్టెల మాదిరి బిగుసుకపోయినాయి. మాట మాత్రం చక్కగా ఉండె. ఆయన జబ్బు ఈ పుస్తకంలో ఏ పాఠంలో వస్తుంది సార్?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మా మేనమామ గుర్తుకు వచ్చాడు. ఆయనదీ ఇదే కథ. నలభై ఏళ్లు దాటకముందే మెడ తిప్పలేకపోయేవాడు. ఎవరైనా వెనుకనుంచి పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూసేవాడు. వాతమని కొందరన్నారు, శని దోషమని కొందరన్నారు. తైలాలు పూశారు, సూదులు వేయించారు. ఏళ్లు గడిచాక ఒక పెద్దాసుపత్రికి తీసుకువెళితే, అక్కడ ఒక నర్సమ్మ చీటీ రాస్తూ అడిగింది. "మీదే ఊరు? ఏ నీళ్లు తాగుతారు? ఎన్నేళ్లనుంచి?" అన్నేళ్లలో ఆ ప్రశ్న వేసినవారు ఆమె ఒక్కతే. ఆ మధ్యాహ్నమే డాక్టరు ముంజేతికి ఎక్స్‌రే తీయించి జబ్బు పేరు చెప్పారు. ఫ్లోరోసిస్. అప్పటికే ఆలస్యమైంది.

మనం తాగే నీరు మన నరాలను ఎలా పట్టుకుంటుంది, ఆ సంగతి తెలుగు పల్లెల్లో ఎలా బయటపడింది, ఈనాడు ఆసుపత్రుల్లో రోగికి సేవ చేయబోయే మన పిల్లలు దానినుంచి ఏం నేర్చుకోవాలి అనే విషయాలు ఈ ప్రసంగంలో ముచ్చటించుకుందాం.

ముందుగా శరీరం సంగతి. మెదడునుంచి బయలుదేరి వీపు మధ్యగా దిగే నరాల త్రాడును వెన్నుపాము అంటాము. చిటికెన వేలంత లావు మాత్రమే ఉండే ఈ త్రాడు వెన్నుపూసల నడుమ ఉన్న ఎముకల గొట్టంలో భద్రంగా ఉంటుంది. కాలు కదపాలన్నా, మూత్రం ఆపుకోవాలన్నా, ముల్లు గుచ్చుకుంటే తెలియాలన్నా కబురు ఈ త్రాడు ద్వారానే పోవాలి. ప్రమాదంలో తలకు దెబ్బ తగిలితే నష్టం క్షణంలో జరుగుతుంది, అందరికీ కనబడుతుంది. ఫ్లోరోసిస్ నష్టం అలాంటిది కాదు. ఇరవై, ముప్పై ఏళ్లు పడుతుంది. ఇంట్లోవారికి కూడా చివరిదాకా తెలియదు.

నీటితో కడుపులోకి పోయిన ఫ్లోరైడ్ రక్తంలో కలుస్తుంది. పెద్దవారిలో దాదాపు సగం మూత్రంలో పోతుంది. మిగిలింది ఎముకల్లో చేరుతుంది. పెరిగే పిల్లల ఎముకలు ఇంకా ఎక్కువ పట్టుకుంటాయి. ఏళ్ల తరబడి ఇలా చేరగా ఎముక మందమవుతుంది, అంచుల్లో కొత్త ఎముక మొలుస్తుంది. ఎముకను ఎముకకు కట్టి ఉంచే మెత్తని పట్టీలు, అంటే లిగమెంట్లు, సున్నం పట్టి గట్టిబడతాయి. వెన్నుపూసల వెంబడి కూడా ఇలాంటి పట్టీలు ఉన్నాయి. అవి గట్టిపడి లావెక్కితే లోపలి గొట్టం ఇరుకవుతుంది. ముందుగా నరాల మొదళ్లు నొక్కుకుని చేతుల్లో, కాళ్లలో తిమ్మిర్లు, పోట్లు వస్తాయి. తరువాత వెన్నుపామే నొక్కుకుంటుంది. కాళ్లు బిగుస్తాయి, బలం తగ్గుతుంది, నడక తడబడుతుంది. చివరకు మలమూత్రాల మీద అదుపు తప్పుతుంది. కొందరిలో చెవి నరం వెళ్లే దారి కూడా ఇరుకై వినికిడి తగ్గుతుంది. అయితే ఇంత జరిగినా మనిషి తెలివి చెక్కుచెదరదు. మంచం మీద పడి ఉన్న మనిషి ఇంట్లో తనను గురించి అనుకునే ప్రతి మాటా వింటూనే ఉంటాడు.

మరి ఈ జబ్బుకు కారణం నీరేనని ఎవరు కనుక్కున్నారు? అందుకు మనం కొంచెం దూరం పోవాలి.

1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణానికి ఫ్రెడరిక్ మెక్కే అనే యువ దంతవైద్యుడు వచ్చాడు. అక్కడి పిల్లల పళ్ల మీద గోధుమరంగు మచ్చలు చూసి ఆశ్చర్యపోయాడు. నీటిలోనే ఏదో ఉందని ఆయనకు అనుమానం తోచింది గాని, అదేమిటో తేలడానికి ముప్పై ఏళ్లు పట్టింది. 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త నీటిని పరీక్షించి అది ఫ్లోరైడ్ అని తేల్చాడు. మరుసటి ఏడాది, 1932లో, డెన్మార్కులో క్రయొలైట్ అనే ఖనిజాన్ని పొడిచేసే కార్మికుల ఎముకలు ఎక్స్‌రేలో అసాధారణంగా దట్టంగా కనిపించాయి. ఆ ఖనిజంలోనూ ఫ్లోరైడే ఉంది. పళ్ల మచ్చలు ఒక దేశంలో, ఎముకల మార్పు మరో దేశంలో కనబడ్డాయి. వీటితోపాటు నరాల బాధనూ కలిపి ఒకే ఊరివారిలో చూపించింది మాత్రం మన తెలుగు నేల.

నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా సంగతి ఇది. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1930లలో అక్కడి రైతులు తమ ఎద్దులు కీళ్లు బిగుసుకుని నడవలేకపోవడం గమనించారు. మెట్ట రైతుకు ఎద్దు నడవకపోతే సేద్యమే లేదు కదా. కాబట్టి ఆ జబ్బు మొదట పశువుల్లో కంటబడింది. ఆ తరువాత అదే బిగువు మనుషుల్లోనూ ఉందని తేలింది. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు షార్ట్, మద్రాసు వైద్యుడు మెక్‌రాబర్ట్, ఎక్స్‌రే నిపుణుడు బర్నార్డ్, వారితోపాటు మన్నాడి నాయర్ కలిసి పరిశోధించి, 1937లో తమ వ్యాసాన్ని భారత వైద్య పరిశోధన పత్రికలో ప్రచురించారు. పిల్లల పళ్ల మచ్చలు, నడివయసువారి వెన్ను బిగువు, ముదిరినవారి కాళ్ల చచ్చుదనం, ఇవన్నీ ఒకే జబ్బు మెట్లని అందులో చూపారు. నీటిలోని ఫ్లోరైడ్ వల్ల నరాలకు హాని కలుగుతుందని చెప్పిన తొలి వ్యాసాల్లో అది ఒకటి. ఈ షార్ట్ గారే 1948లో మలేరియా క్రిమి మనిషి కాలేయంలో కొన్నాళ్లు దాగి ఉంటుందని గార్న్‌హమ్‌తో కలిసి నిరూపించి ప్రపంచ ప్రసిద్ధి పొందారు.

1940లో పండిట్, ఆయన సహచరులు దక్షిణ భారతంలో మరికొన్ని చోట్ల ఈ జబ్బును పరిశీలించి, తిండి సరిగా లేనివారిలో ఇది ఎక్కువగా బాధిస్తుందని గుర్తించారు. అంటే ఒకే బావి నీళ్లు తాగినా పేదవాడి వెన్నే ముందు వంగుతుందన్నమాట. 1955లో నల్లగొండ జిల్లా రోగుల గురించి డాక్టర్ సిద్దిఖీ రాసిన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 1961లో పంజాబునుంచి సింగ్, జాలీ, బన్సల్ ఈ జబ్బులో వెన్నుపాము ఎలా నొక్కుకుంటుందో లాన్సెట్ పత్రికలో వివరించారు. ఆ తరువాత హైదరాబాదులో నరాల శస్త్రచికిత్స నిపుణుడు డాక్టర్ డి. రాజారెడ్డి ఈ విషయం మీద దశాబ్దాలపాటు పనిచేశారు. 1979లో ప్రపంచ నరాల వైద్యులందరూ చూసే పెద్ద గ్రంథమాలలో ఫ్లోరోసిస్ మీద అధ్యాయం రాసింది ఆయనే. నాణేల శాస్త్రంలో కూడా ఆయనకు మంచి పేరుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో మరో సంగతి బయటపెట్టారు. ఫ్లోరైడ్ ప్రాంతాల్లో పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే అవిటితనం వస్తోందని వారు చూపారు.

ఇక మన పావగడకు వద్దాం. మన తాలూకాకు మూడు వైపులా ఆంధ్ర సరిహద్దు. గీత దాటితే భాష మారదు, పంట మారదు, బండరాయి కూడా మారదు. పావగడ కోట నిలిచిన కొండ, చుట్టూ కనిపించే గుండ్ల గుట్టలు క్లోజ్‌పేట గ్రానైట్ అనే రాతి పట్టీలోనివి. రామనగరకు ఒకప్పుడు క్లోజ్‌పేట అని పేరు. ఆ పేరే ఈ రాతికి వచ్చింది. ఈ రాతిలోని అభ్రకం, అపటైట్, ఫ్లోరైట్ వంటి ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. వాన బాగా కురిసి కొత్త నీరు ఇంకేచోట అది పలచబడుతుంది. మన దగ్గర వానలు తక్కువ. భూమిలోని నీరు రాతిని అంటిపెట్టుకుని ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. అట్లా నిలిచినకొద్దీ ఖనిజం కరుగుతుంది.

మన పెద్దలు చెరువు కింది బావుల నీళ్లు, కల్యాణి నీళ్లు తాగేవారు. ఆ నీళ్లలో కలరా ఉండేది, నారికురుపు ఉండేది. కాబట్టి 1970ల తరువాత ఊరూరా బోర్లు వేసి చేతిపంపులు పెట్టినప్పుడు అందరమూ సంతోషించాము. ఆ సంతోషం తప్పు కాదు. నారికురుపు దేశంనుంచే పోయింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాటను ధ్రువీకరించింది కూడా. అయితే పైనీళ్లలో క్రిములు పోగా, లోతునీళ్లలో ఫ్లోరైడ్ వచ్చి చేరింది. చూడడానికి తేటగా, రుచికి బాగానే ఉండే నీళ్లు అవి. బోర్లు ఎండినకొద్దీ ఇంకా లోతుకు వేశాము. భారత ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీటి వసతి లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. మన తాలూకాలో ఎన్నో బోర్ల నీరు ఈ హద్దు దాటిందని పరీక్షల్లో పదే పదే తేలింది.

బడిపంతులుగా నాకు ఇది తరగతి గదిలోనే కనిపిస్తుంది. నవ్వమంటే నోటికి చేయి అడ్డం పెట్టుకునే పిల్లలు ఉన్నారు. పళ్ల మీద సుద్దలాంటి తెల్లచారలు, ముదిరితే గోధుమరంగు మచ్చలు. ఎంత తోమినా పోవు. ఆడపిల్ల అయితే పెళ్లిచూపుల్లో ఈ పళ్లమీదే మాట వస్తుంది. ఆ మచ్చ మురికి కాదు. పాలపళ్లు ఊడకముందే, చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే పడిన గుర్తు. ఈ పిల్ల ఏ నీళ్లు తాగుతోందో అది మనకు చెబుతోంది. వెన్ను బిగియడానికి ఇరవై ఏళ్లు ముందుగా వచ్చే హెచ్చరిక అది. ఇంకో సంగతి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడ్‌కు గురైన పిల్లల్లో తెలివి కొలతలు కొంత తక్కువగా కనబడుతున్నాయని, 2024లో అమెరికా జాతీయ విష పరిశోధన కార్యక్రమం అనేక దేశాల అధ్యయనాలను పరిశీలించి, ఒక మోస్తరు విశ్వాసంతో చెప్పింది. దీనిమీద శాస్త్రవేత్తల చర్చ సాగుతూనే ఉంది. కానీ జాగ్రత్త పడడానికి చర్చ ముగిసేదాకా ఆగనవసరం లేదు.

దీనికి మందుందా అని అడుగుతారు. చేరిన ఫ్లోరైడ్‌ను ఎముకలనుంచి లాగివేసే మందు లేదు. వెన్నుపాము నొక్కుకున్న చోట ఎముక తీసి చోటు కల్పించే శస్త్రచికిత్స ఉంది. త్వరగా వస్తే కొందరికి మేలు జరుగుతుంది. కానీ ఆ ఎముక రాయిలా గట్టిపడి ఉంటుంది కాబట్టి పని కష్టం, ఫలితం అందరిలో ఒకేలా ఉండదు. కనుక అసలు వైద్యం నీటిని మార్చడమే.

అందుకు జరిగిన ప్రయత్నాలకూ చరిత్ర ఉంది. నాగపూరులోని నీరి అనే జాతీయ పర్యావరణ సంస్థ 1970లలో ఒక పద్ధతి రూపొందించింది. నీటిలో కొలత ప్రకారం సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలిపి తేటపరిస్తే ఫ్లోరైడ్ కొంత అడుగుకు చేరుతుంది. ఈ పద్ధతికి ప్రపంచమంతటా నల్లగొండ పద్ధతి అనే పేరు నిలిచింది. ఒక తెలుగు జిల్లా పేరు బాధ వల్లనే పరాయి దేశాల పుస్తకాలకు ఎక్కింది. పొరుగున అనంతపురం జిల్లాలో 1995లో మొదలైన సత్యసాయి తాగునీటి పథకం ఏడు వందలకు పైగా గ్రామాలకు నీరు చేర్చింది. మన వైపు శుద్ధ నీటి ఘటకాలు వచ్చాయి. నాణెం వేసి బిందె నింపుకోవడం మనకు అలవాటైంది. తుంగభద్ర నీటిని గొట్టాల ద్వారా పావగడకు చేర్చే బహుగ్రామ పథకం కూడా రూపు దిద్దుకుంది. అయితే యంత్రం పెట్టినంత మాత్రాన సరిపోదు. అందులో జల్లెడ మార్చారా, నీటిని పరీక్షించారా అని ఊరివారు అడుగుతూ ఉండాలి. యంత్రం చెడిన వారం రోజులూ మళ్లీ ఆ పాత బోరు నీళ్లే తాగితే లాభమేమిటి?

ఇళ్లలో గుర్తుంచుకోవలసినవి కొన్ని ఉన్నాయి. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. వంటకు కూడా మంచి నీళ్లే వాడాలి. అన్నం, పప్పు ఉడికించే నీరూ కడుపులోకే పోతుంది. ఒక బోరు నీరు బాగుంటే పక్క బోరు బాగుంటుందని లేదు, దేనికదే పరీక్ష చేయించాలి. మన రాగి సంగటిలో సున్నపు సత్తువ ఎక్కువ. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పాలు, ఆకుకూరలు, ఉసిరి కూడా మంచివి. ఇవి జబ్బును మాన్పవు గాని, హాని తగ్గడానికి తోడ్పడతాయి. చంటిబిడ్డకు, గర్భిణికి మాత్రం మంచి నీళ్లే ముందుగా దక్కాలి.

ఇక నర్సింగు చదివే మన పిల్లలకు ఒకటి రెండు మాటలు. నడుం పట్టిందని ఎవరైనా వస్తే, మోకాలు వంచకుండా నేలమీది నాణెం తీయమనండి. గడ్డాన్ని ఎదకు ఆనించమనండి. చేతులు తల వెనుక పెట్టుకోమనండి. ఈ మూడూ చేయలేకపోతే అనుమానించి డాక్టరుకు చెప్పండి. ముంజేతి రెండు ఎముకల మధ్య పొర సున్నం పట్టి ఉంటే ఎక్స్‌రేలో కనబడుతుంది. మెడ బిగుసుకున్న మనిషి జారిపడితే చిన్న దెబ్బకే కాళ్లూ చేతులూ పడిపోవచ్చు. అట్టివారిని లేపేటప్పుడు తలను వంచకుండా, మెడను వీపుతో సమంగా పట్టి, నలుగురు కలిసి ఎత్తాలి. కదలలేని రోగిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. తడి లేకుండా చూడాలి. లేకపోతే పడకపుండ్లు పడతాయి. మా మేనమామను చివరకు తీసుకుపోయింది వెన్ను కాదు, ఆ పుండ్లే. ఆయనను ఎట్లా తిప్పాలో మాకు చెప్పినవారు లేరు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ రోగితో మాట్లాడండి. ఆయన తెలివి ఆయనకు పూర్తిగా ఉంది.

ఆ అమ్మాయికి నేను చివరకు చెప్పిన జవాబు ఇది. "మీ తాత జబ్బు వెన్నుపాము పాఠంలో వస్తుందమ్మా. కానీ ఆ పాఠం మన భూమి పాఠంతో, నీటి పాఠంతో కలిపి చదవాలి." ఆమె పుస్తకం అట్ట లోపలి కాగితం మీద మూడు ప్రశ్నలు తెలుగులో రాసుకుంది. ఏ ఊరు, ఏ నీళ్లు, ఎన్నేళ్లు.

దాదాపు తొంభై ఏళ్ల కిందట నెల్లూరు పల్లెల్లో వైద్యులు అడిగినవి ఈ ప్రశ్నలే. అప్పుడు ఎద్దు నడవకపోతే రైతు కారణం వెతికాడు. మన ఇంట్లో పెద్దాయన మెడ తిప్పలేకపోతే వయసు అని సరిపెట్టుకోకుండా మనమూ వెతుకుదాం. మీ ఊరి బోరు నీటిని ఒకసారి పరీక్షకు పంపండి.